మా ఆవిడ రాసిన మొదటి పేజీ

ఈవేళ పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే చీపురుపల్లి నుంచి ఒకావిడ ఫోను చేసింది. షుగరు ముదిరి ఆవిడ భర్తకి ఈమధ్యనే చూపు పూర్తిగా పోయిందట. చూపు లేనివాళ్లు ఫోను వాడుకోవడం ఎలాగో మొదటి నుంచీ నేర్పే వెబ్‌సైటు ఒకటి తెలుగులో ఉందని ఆసుపత్రిలో ఎవరో చెప్తే, అది తెరిచి మొదటి పాఠం ఆయనకి చదివి వినిపించిందట. ఆ వెబ్‌సైటు మాదే. ఆ పాఠంలో మొదటి మాట, ఫోను ఒళ్లో పెట్టుకుని, కింది అంచున సరిగ్గా మధ్యలో ఉండే గుండీని బొటనవేలితో తడిమి పట్టుకోండి, అని. ఇప్పుడొచ్చే ఫోన్లకి గుండీ ఎక్కడిది? పలకలాగా నున్నగా ఉంటాయి. చదివిన ఆవిడకి ఆ సంగతి తట్టలేదు, విన్న ఆయనకి తెలిసే దారి లేదు.

"నిన్నటి నించి ఆ గుండీ కోసమే తడుముతన్నాడు బాబూ. తగల్నేదు. కళ్లే పోయినాయనుకున్నాను, సేతులు కూడా సచ్చిపోయినాయే అని ఒకటే ఏడుస్తన్నాడు," అంది.

షుగరున్న ఇళ్లవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఆ రోగం కళ్లతో ఆగదు, వేళ్ల కొసలకి కూడా తిమ్మిరి పట్టిస్తుంది. అందుకే ఆయన ఫోనుని అనుమానించలేదు, తన వేళ్లనే అనుమానించాడు. గుండీ లేదమ్మా, తప్పు మా పేజీది, ఆయన చేతులకి ఏమీ కాలేదని చెప్పండి, అని ఎలాగో నచ్చచెప్పి ఫోను పెట్టేశాను. సాయంత్రానికల్లా ఆ పేజీ సరిచేస్తానని మాట కూడా ఇచ్చేశాను. ఇచ్చాక గాని ఏం ఒప్పుకున్నానో తెలిసిరాలేదు. మా ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఆవిడ సొంతంగా రాసిన పేజీల్లో రాసినది రాసినట్టు మిగిలి ఉన్నది అదొక్కటే. తక్కినవన్నీ ఒకటొకటిగా నేనే చెరిపి తిరగరాశాను.

మన ఈడువాళ్లకి వెబ్‌సైటంటే అదేదో కుర్రకారు వ్యవహారం అనిపిస్తుంది. నాకూ అంతే. కొత్తవలస స్టేషన్లో పార్సిల్ గుమాస్తాగా బస్తాల మీద చీటీలు అంటిస్తూ సర్వీసు గడిపినవాణ్ణి. నా మేనమామ కూతురే నాకు ఇల్లాలైంది. పరికిణీలు కట్టుకున్న నాటి నుంచీ పోయేదాకా నన్ను బావా అనే పిలిచింది. మిషన్ బడిలో టీచరు. మా బాప్టిస్టు చర్చిలో ఆదివారం వాక్యం చదివేది, బుధవారాలు స్త్రీల కూడికలో పాట ఎత్తుకునేది, మధ్యలో నా చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకున్నానో లేదో దూరం నుంచే కనిపెట్టేది. అలాంటి కళ్లు ఆవిడవి.

ఆవిడకీ షుగరే. ఆ కళ్లు పోతున్నాయని నాకు చర్చిలోనే తెలిసింది. ఒక ఆదివారం ఆవిడ కీర్తన చదువుతూంటే నేను నా బైబిల్లో వేలు పెట్టుకుని ఆవిడ వెంటే చదువుకుంటున్నాను. ఒక చోట ఆవిడ చదివిన మాట ఒకటి, అచ్చులో ఉన్న మాట ఒకటి. కంఠతా వచ్చినది అప్పచెప్తోంది తప్ప పేజీ చూడడం లేదు. తతిమ్మావాళ్లెవరికీ తెలియలేదు. ఇంటికొచ్చాక అడిగితే, అక్షరాలు చీమల్లాగా నడుస్తున్నాయి బావా అని నవ్వేసింది. ఆ తర్వాత విశాఖపట్నం ఆసుపత్రులు, కంట్లో సూదులు, లేజర్లు అన్నీ అయ్యాయి. బళ్లో వెనక బెంచీ పిల్లలు ముందు కంటికి ఆనకుండా పోయారు, తర్వాత ముందు బెంచీ పిల్లలు పోయారు, ఆఖరికి నల్లబల్లే పోయింది. ఉద్యోగం మానేసి వంటింటి గడప మీద కూర్చుని, కిరండోలు గనుల వైపు నుంచి వచ్చే ఖనిజం గూడ్సు బళ్ల చప్పుడు వింటూ ఉండిపోయింది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ రోజుల్లో ఆ ఇంట్లోకి అడుగు పెట్టాలంటే నాకు భయంగా ఉండేది.

మా మరదలి మొగుడు, అంటే నా తోడల్లుడు, శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పేవాడు. మాట్లాడే ఫోను అనేదాన్ని మా ఇంటికి పట్టుకొచ్చినవాడు అతనే. తెర మీద ఎక్కడ వేలు పెడితే అక్కడున్నది అది పైకి చదువుతుంది. ఆసుపత్రిలో ఒకమ్మాయి ఓ గంటసేపు నేర్పింది గాని ఇంటికొచ్చేసరికి అంతా గాలికి పోయింది. అడగడానికి మనిషి లేడు, తెలుగులో రాసిన పుస్తకం లేదు. ఎండాకాలమంతా ఆవిడ ఆ ఫోనుతో కుస్తీ పట్టింది. విసిరి కొట్టిన రోజులున్నాయి, విసిరినదాన్ని మళ్లీ తడుముకుంటూ మంచం కింద వెతుక్కున్న రోజులూ ఉన్నాయి. చివరికి ఒక మధ్యాహ్నం నా సాయం లేకుండా తనంత తాను చెల్లెలికి ఫోను చేసింది. అటు చెల్లెలు ఏడ్చింది, ఇటు ఆవిడ ఏడ్చింది, నేను పెరట్లోకి పోయి బొప్పాయి చెట్టు పట్టుకుని ఏడ్చాను. కన్నీళ్లు తుడుచుకోకుండానే ఆవిడ అన్న మాట ఇది: "నాను తడుంకున్నట్టు ఇంకోలు తడుంకోకూడదు బావా. మొదట్నించీ రాసి పెడదాం."

పుస్తకం వేద్దామన్నాను. చూపు లేనివాడికి పుస్తకం ఎందుకని తోడల్లుడు నవ్వి, వెబ్‌సైటు పెట్టమన్నాడు. అది నా వల్ల కాదన్నాను. అతను మాత్రం మా వరండాలో ఉప్మా తింటూ, పెద్ద బ్రహ్మవిద్య కాదన్నాడు. వెబ్‌సైట్లలో రెండు రకాలున్నాయట. హోటల్లో మనం అడిగాక అప్పటికప్పుడు వండేలాంటివి ఒక రకం, పొద్దున్నే వండి గిన్నెలో పెట్టుకుని ఎవరొచ్చినా అదే వడ్డించేలాంటివి రెండో రకం. మనకి రెండోదే చాలు, పాడయ్యే సరంజామా తక్కువ, పల్లెల్లో సిగ్నలు సరిగ్గా లేకపోయినా తెరుచుకుంటుంది అన్నాడు. ఒక్కో పాఠం ఒక్కో మామూలు ఫైలుగా రాసుకోవాలి. శీర్షిక ముందు ఒక గుర్తు పెట్టాలి. వాటన్నిటినీ తీసుకుని పేజీలుగా అల్లేసే ప్రోగ్రాము ఒకటుంటుంది. అల్లినవాటిని ఉచితంగా ఉంచుకోనిచ్చే చోట పెట్టేస్తే సరి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం, ఆజ్ఞలు టైపు చేసే నల్లటి కిటికీలో ఒక్క చుక్క తక్కువైనా ఇంగ్లీషులో తిట్టే ఆ కంప్యూటరుతో నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే మీరు నవ్వుతారు. మొదటిసారి మా పేజీ తెర మీదికి వచ్చినప్పుడు అందులో నమస్కారం అన్న ఒక్క ముక్కే ఉంది. ఆవిడ ఫోను దాన్ని పైకి చదివింది. నమస్కారం బాబూ అని ఆవిడ ఫోనుకి చేతులు జోడించింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా. తోడల్లుడు అటు వెళ్లగానే నేను రెచ్చిపోయాను. దొరికిన రెడీమేడ్ హంగులన్నీ తగిలించాను. ఎడమ పక్కన పాఠాల పట్టిక, పైన వెతుక్కునే పెట్టె, రంగుల గీతలు, పైన మా ఊరి కొండల ఫొటో. చూసుకుని మురిసిపోయి ఆవిడ చేతిలో పెట్టాను. ఫోను చదవడం మొదలుపెట్టింది. లింకు, లింకు, మెనూ, లింకు, బొమ్మ, మళ్లీ లింకు. పాఠంలో మొదటి మాట వచ్చేసరికి పొయ్యి మీద పప్పు మాడిపోయేట్టుంది. ఆవిడ ఓపిగ్గా విని, "ఇదేటి బావా, అన్నీ గుమ్మాలే. కూకోడానికి గదేది?" అంది. హంగులన్నీ పీకేశాను. ఒక శీర్షిక, పాఠం, అడుగున తరవాతి పాఠానికి దారి, అంతే మిగిల్చాను. ఇంకోసారి, ఫోను పెట్టెయ్యడానికి ఎర్ర గుండీ నొక్కండి అని నేను రాస్తే కోప్పడలేదు, ఎర్రదంటే ఎటుపక్కుంటాది అని నెమ్మదిగా అడిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడే ఒక మాట చెప్పింది, ఆ తర్వాత మా పనంతటికీ అదే చట్టమైంది: "లేంది ఉన్నట్టు రాస్తే కళ్లున్నోడు నవ్వుకుంటాడు. మాకు గోడ తగుల్తాది."

అప్పటి నుంచీ పద్ధతి మారింది. పాఠం ఆవిడే చెప్పాలి, నేను టైపు చెయ్యాలి. తర్వాత నా కళ్లకి తువ్వాలు కట్టి, ఫోను నా చేతికిచ్చి, ఆవిడ పక్కన కూర్చునేది. పాఠం వింటూ అందులో చెప్పినట్టే నేను చెయ్యాలి. ఎక్కడైనా తప్పిపోతే నన్ను ఏమీ అనేది కాదు, పాఠాన్నే కొట్టేసి మళ్లీ చెప్పేది. పిల్లాడికి రాలేదంటే పాఠం బాగోనట్టు అనేది బళ్లో ఉన్నప్పుడూ ఆవిడ పట్టుదల. నాలాంటి మందమతికి వచ్చిందంటే జిల్లా అంతటికీ వస్తాదని వేళాకోళమొకటి. ఒకసారి నేను ఆవిడ చెల్లెలికి చెయ్యబోయి మా పాస్టరు గారికి ఫోను చేసి, ఏమే తిన్నావా అని అడిగాను. ఆవేళ ఆవిడ నవ్విన నవ్వు, చూపు పోయాక అదే మొదటిది. నా పెళ్లినాటి రోజులకన్నా తువ్వాలు కట్టుకున్న ఆ మధ్యాహ్నాలే నాకు ఎక్కువ సుఖంగా ఉండేవంటే మీరు నమ్మాలి.

ఆవిడ పాఠాలు చదివితే ఆవిడ మాట్లాడుతున్నట్టే ఉండేది. తెర మీద వేలు జరపడం గురించి, చేటలో బియ్యానికి రాళ్లు ఏరేటప్పుడు ఎంత మెల్లగా జరుపుతారో అంత మెల్లగా అని చెప్పింది. రెండుసార్లు తట్టడం గురించి, తలుపు తట్టినట్టు తట్టండి, అప్పులవాడు తట్టినట్టు కాదు, మజ్జిగ అడగడానికొచ్చిన పక్కింటావిడ తట్టినట్టు, అని చెప్పింది. అది చదివి నేర్చుకున్నవాళ్లు ఆ పక్కింటావిడ మాట మళ్లీ మళ్లీ చెప్పుకునేవాళ్లు. పార్వతీపురం నుంచి, టెక్కలి నుంచి, ఇచ్ఛాపురం అవతల నుంచి కూడా ఫోన్లు వచ్చేవి. నెల్లిమర్లలో మిల్లు పని చేసి చూపు పోగొట్టుకున్న ఒకాయన మొదటి పాఠం నుంచీ చివరిదాకా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఆవిడ వాళ్లతో గంటలు గంటలు మాట్లాడేది. గడప మీది మనిషి మళ్లీ టీచరైంది.

షుగరు ఊరుకోదు కదా. కళ్లయ్యాక కిడ్నీల మీద పడింది. విజయనగరంలో రక్తం శుద్ధి చేసే మంచం మీద ఒక చెయ్యి మెషినుకి అప్పగించి రెండో చేత్తో ఫోను పట్టుకుని, పాఠాలు చెప్పేది, నేను పక్కన స్టూలు మీద కూర్చుని రాసుకునేవాణ్ణి. కొన్నాళ్లకి మాట సన్నబడింది, ఇంకొన్నాళ్లకి పాఠం మధ్యలో నిద్ర పట్టేసేది. ఒక వానాకాలంలో, పాఠం సగంలో ఉండగానే పోయింది. ఆ సగం పాఠాన్ని సైటులో పెట్టలేదు. పెట్టినా ఎవరికీ ఉపయోగం లేదు.

భూస్థాపన అయిన కొన్ని వారాలకి నెల్లిమర్ల ఆయన ఫోను చేశాడు. అమ్మగారికోసారియ్యండి బాబూ, ఒక డౌటున్నాది అన్నాడు. ఆయనకి కబురు అందలేదు. చెప్పాను. అయ్యో అని, ఇలాటప్పుడు అడక్కూడదు గాని నాకు ఇంకెవులున్నారు అంటూ తన డౌటు అడిగాడు. ఫోనులో ఏదో కొత్త మార్పు వచ్చింది. మెనూ తెరవడానికి పాఠంలో చెప్పినట్టు వేలు గీస్తే ఇప్పుడు తెరుచుకోవడం లేదు, మూడు వేళ్లతో తట్టాలట. నేను చూసుకుంటే నిజమే. ఆ పాఠం తప్పైపోయింది. రాసినప్పుడు తప్పు కాదు, ఆవిడ పోయాక తప్పైంది.

అదే మొదలు. ఈ ఫోన్లు చేసేవాళ్లకి ఏం పుట్టిందో గాని, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు ఉన్నదాన్ని ఉన్నచోట ఉండనివ్వరు. కిందున్నది పైకి పోతుంది, పైనున్నది మాయమైపోతుంది. కళ్లున్నవాళ్లకి అది ఒక పూట విసుగు. మా వాళ్లకి మళ్లీ చీకటి. మార్పు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోను చేస్తారు, నేను ఒక పాఠం విప్పి కొన్ని వాక్యాలు తీసేసి కొత్తవి రాస్తాను. నా రాత గుమాస్తా రాత. ఫలానా చోట ఫలానా విధముగా తట్టవలెను, అన్న బాపతు. చేట పోయింది, బియ్యం పోయాయి. ఒకసారి తట్టే పద్ధతే మారిపోయి ఆ పాఠం మొత్తం తిరగరాయవలసి వచ్చింది. మజ్జిగ అడగడానికొచ్చిన పక్కింటావిడని నా చేతులతో నేనే చెరిపేశాను. చెరిపి వీధిలోకి పోయి ఎటు నడిచానో నాకే తెలియదు.

పాతవన్నీ ఎక్కడికీ పోవు, ప్రతి మార్పూ వెనక భద్రంగా దాచి ఉంటుంది, కావాలంటే ఎప్పుడైనా తీసి చదువుకోవచ్చు అన్నయ్యా, అని తోడల్లుడు నన్ను ఓదార్చబోయాడు. సమాధిలో ఉన్నవాళ్లూ భద్రంగానే ఉంటారు అన్నాను. పాపం నొచ్చుకున్నాడు. నేను అన్నది అతని మీద కోపంతో కాదు. ఆవిడ రాసింది దాచుకోవడానికి కాదు, వాడుకోవడానికి. ఎవరి వేలూ పట్టుకుని నడిపించని పాఠం ఎంత భద్రంగా ఉంటే మాత్రం ఏం లాభం?

మొదటి పేజీని మాత్రం ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చాను. పాత ఫోన్లు ఇంకా వాడుతున్నారు కదా, గుండీ ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు కదా అని నాకు నేనే వాదించుకునేవాణ్ణి. గుండీ లేదని ఎవరైనా అడిగితే నోటితోనే చెప్పి పంపేసేవాణ్ణి. ఈవేళ చీపురుపల్లి ఆవిడ ఫోను తర్వాత ఆ వాదనకి దారి లేకపోయింది. అడగకుండా ఊరుకునేవాళ్లు ఇంకెంతమంది ఉన్నారో, ఎంతమంది తమ వేళ్లు చచ్చిపోయాయనుకుని ఫోను పక్కన పెట్టేశారో.

మధ్యాహ్నం వరండాలో కూర్చుని తువ్వాలు కట్టుకుని, నా కొత్త ఫోను ఒళ్లో పెట్టుకుని, గుండీ లేకుండా ముందు దేన్ని తడమాలో నేర్చుకున్నాను. పక్కన నవ్వే మనిషి లేదు. తప్పిపోయిన చోటల్లా మళ్లీ మొదలుపెట్టాను. తర్వాత కంప్యూటరు ముందుకి పోయి ఆవిడ వాక్యాలు తీసేస్తూ ఒక్కొక్కటీ రాశాను. ఫోను నున్నగా ఉంటుంది, గుండీ ఉండకపోవచ్చు, తగలకపోతే తప్పు మీ వేళ్లది కాదు, అని మొదలుపెట్టాను. చివరికి అడుగున ఒక్క మాట మిగిలింది. అర్థం కాకపోతే ఫోను చెయ్యండి, ఏ వేళైనా ఫర్వాలేదు, నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను, అని. దాన్ని ఏ ఫోను కంపెనీ మార్చలేదు. అలాగే వదిలేసినా అడిగేవాళ్లు లేరు. కాని లేనిది ఉన్నట్టు రాయకూడదని చెప్పింది ఆవిడే. దాన్నీ తీసేసి, ఫోను నంబరు మాత్రం ఉంచాను. పేజీ మళ్లీ అల్లి పైకి పెట్టాను.

మన చిన్నప్పుడు ఒకసారి నేర్చుకున్నది ఒక జన్మకి సరిపోయేది. మా అత్త ఆవకాయ కలపడం చెప్పిన తీరునే ఈనాటికీ మా మరదలు కలుపుతుంది, ఆ మాటలతోనే తన కోడలికి చెప్తుంది, జాడీ మారింది గాని మాట మారలేదు. మా ఆవిడ ఎక్కాలు చెప్పిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకి అవే ఎక్కాలు అదే రాగంతో చెప్తున్నారు. మనిషి పోయినా మాట ఉంటుందని మన పెద్దలు అన్నది అలాంటి కాలం చూసి. ఇప్పుడు మాటకి ఆయుష్షు ఒక ఫోనుకి ఉన్నంతే. నేర్చుకునేవాళ్ల కష్టం మాత్రం అలాగే ఉంది, వాళ్ల భయమూ అలాగే ఉంది, వాళ్ల కోసం ఎవరో ఒకరు పాత మాట చెరిపి కొత్త మాట రాస్తూనే ఉండాలి. అది తప్పని నేను అనను. ఆ చెరిపే చెయ్యి నాదే కావలసి వచ్చిందన్నదే నా ఏడుపు.

సాయంత్రం చీపురుపల్లి నుంచి మళ్లీ ఫోను మోగింది. ఈసారి ఆవిడ కాదు, ఆయనే. తనంత తాను చేశాడట. "సేతులు బాగానే ఉన్నాయండి," అన్నాడు, గొంతులో చిన్నపిల్లాడి సంబరం. పాఠం చాలా బాగా అర్థమైందని, ఎవరు రాసినారండి అని అడిగాడు. మా ఇంటావిడ, అన్నాను. ఆవిడ రాసిన మాట ఇప్పుడు అందులో ఒక్కటీ లేదు.